సుంకమ్మ చెప్పింది, నేను చెప్పనిది

ఒక మాట ఉండాది. చాన్నాళ్లుగా నాతోనే తిరుగుతాంది. పొద్దున లేస్తే ఉంటాది, అన్నం ముందర కూర్చుంటే ఉంటాది. నా పెండ్లాముకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. గుడిలో దేవుని ముందర నిలబడి ఏవేవో చెప్పుకొని వచ్చినాను గానీ, ఇది మాత్రం చెప్పలేదు. మీకు చెప్తాండాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అదే నా ధైర్యం.

నేను మనిషిని చంపలేదు. దొంగతనం చేయలేదు. అట్లాంటిదేదో ఉంటాదనుకొని చదువుతాంటే ఈడనే ఆపేయండి. నేను చేసిందల్లా ఒక ఆడమనిషి చెప్పిన మాటను పక్కనున్న మనిషికి చెప్పకపోవడం. అంతే. రాస్తే ఎంత చిన్నగా ఉండాదో చూడండి. ఇంత చిన్నది కాబట్టే ఇన్నేండ్లు ఎవరికీ కనపడకుండా దాచుకోగలిగినానేమో.

అప్పుడు డిగ్రీ అయిపోయి, అనంతపురంలో రూము తీసుకొని, ఉద్యోగం కోసం తిరుగుతాండే రోజులు. నాకు ఇంగ్లీషు వస్తాదని పేరు. వచ్చేది అంతంతమాత్రమే. కానీ మా జతగాళ్లలో భయపడకుండా గడగడా మాట్లాడేది నేనొక్కన్నే. ఆ పేరు మీదనే ఒక సంస్థ వాళ్లు పిలిచినారు. బయటి దేశం నుంచి ఒకామె వచ్చిందంట. మన దిక్కు ఆత్మహత్య చేసుకున్న రైతుల ఇండ్లకు పోయి మాట్లాడతాదంట. ఏ ఇండ్లకు పోవాల్నో ముందే విచారించి పెట్టేది, ఆమె అడిగింది తెలుగులో అడిగేది, వాళ్లు చెప్పింది ఇంగ్లీషులో చెప్పేది నా పని.

మేడమ్ మంచి మనిషి. ఇది ముందే చెప్పాల. తప్పు ఆమెది కాదు. తల నెరిసిన మనిషి, ఎండకు మొహమంతా కందిపోయినా ఏ ఇంట్లోనూ తొందర పడేది కాదు. ఆమెకు ఒకటే పట్టుదల. ఏదైనా చెప్తే, అది తెలిసి చెప్తాండావా, అనుకొని చెప్తాండావా అని అడిగేది.

మొదటి రోజే దొరికిపోయినాను. జీపులో పోతాంటే ఒక ఇంటికి తాళం కనపడింది. "వాళ్లు వలస పోయినారు మేడమ్, బెంగుళూరుకు" అన్నాను పెద్ద తెలిసినట్ల. ఆమె నా దిక్కు తిరిగి, నీకు తెలుసా, అస్యూమ్ చేస్తాండావా అనింది. నేను నోరు తెరిచే లోపల డ్రైవరు పక్కున నవ్వినాడు. "ఏమప్పా, వాళ్లు ఉరుసుకు పోయినారు. రేపు పొద్దునకంతా వస్తారు" అన్నాడు. నా మొహం చూడాల అప్పుడు.

ఆ సిగ్గు పోగొట్టేదానికేమో, ఆమె దారి పొడుగునా చెప్పుకుంటా వచ్చింది. ఇంగ్లీషు వాళ్లు ఒక ఊహను ఎట్లెట్ల తూకం వేస్తారని. సేఫ్ టు అస్యూమ్ అంటే దాని మీద కాలు పెట్టొచ్చు, విరగదు. ఫెయిర్ అజంప్షన్ అంటే అట్ల అనుకునేదాంట్లో తప్పు లేదు, కానీ ఎందుకు అని ఎవరన్నా అడిగితే కారణం చూపించాల. టెంప్టింగ్ టు అస్యూమ్ అంటే ఇంకా కింద. అట్ల అనుకోబుద్ధి అయితాంది గానీ, ఆ బుద్ధినే నమ్మొద్దని. ఇంక వి కాంట్ అస్యూమ్ దట్ అనినారంటే, నోరు మూసుకొని పోయి కనుక్కొని రా అని అర్థం. అబ్బా, ఎంత ముచ్చటైందో నాకు! ఇన్ని మెట్లుంటాయని నాకేం తెలుసు. మనసులోనే వల్లె వేసుకుంటా కూర్చున్నాను.

మన దిక్కు ఇవి లేవా అంటే ఉండాయి. మా అమ్మ దగ్గరికి ఎవరన్నా చాడీ తెస్తే, "నువ్వు చూసినావా, ఎవురన్నా చెప్పినారా, లేకుంటే నీకే అట్ల అనిపించిందా" అని నిలబెట్టి అడుగుతాది. ఇంతకంటే ఏం కావాల? కానీ అది మా అమ్మ మాట. వాకిట్లో మాట. ఇది జీపులో నేర్చుకున్న ఇంగ్లీషు. ఆ వయసులో ఏది గొప్పగా కనపడతాదో మీరే చెప్పండి.

సుంకమ్మ ఇంటికి పోయినాము. పేర్లు మార్చినాను, మనుషులు నిజం. విడపనకల్లు పక్కన నల్లరేగడి నేలల్లో పల్లె. మొగుడు వన్నూరప్ప మిరప తోటలో పురుగుల మందు తాగి సచ్చిపోయినాడని విన్నాను. ఎవరి దగ్గర విన్నాను? బస్టాండు దగ్గర టీ అంగడిలో. నోట్లో మందు వాసన, నురగ. పంట కూడా అంతంతే ఉండె. ఇంకేం కావాల, రాసి పెట్టుకున్నాను. ఆ ఇంటికి దారి బాగలేదు. జీపు రెండు చోట్ల దిగబడింది. నేనే దిగి తోసినాను. మంచి ఇల్లు మేడమ్, తప్పకుండా చూడాల అని తీసుకపోయింది నేనే. మంచి ఇల్లు అన్నాను, దేవుడా.

బండల మిద్దె ఇల్లు. మేడమ్‌ను నులక మంచం మీద కూర్చోబెట్టి సుంకమ్మ కింద కూర్చునింది. తొమ్మిదో పదో ఏండ్ల పాప ఆమెకు అతుక్కొని కూర్చునింది. సుంకమ్మ ఒక చేత్తో పాప చేతిని పట్టుకోనుండె. మేడమ్ మెల్లగా అడిగింది, ఆయన ప్రాణం తీసుకున్నది పంట పోయినందుకేనా అని. నేను అదే తెలుగులో అడిగినాను.

సుంకమ్మ మేడమ్ దిక్కు చూడలేదు. నా దిక్కే చూసి చెప్పింది.

"మా ఆయప్ప మందు తాగలేదు సామీ. అందరూ తాగినాడు తాగినాడు అంటారు. నేను పక్కనే ఉంటిని. నీళ్లు మోసి మందు పంపులో పోసింది నేనే. శనివారం, ఆయప్పకు ఒక్కపొద్దు. పొద్దున్నుంచి నోట్లో మెతుకు పడలేదు. ఎదురుగాలిలో మందు కొడతాండె. పంపు కొసన నాజిలుకు గలీజు అడ్డం పడి మందు రాకపాయ. ఇప్పి నోట్లో పెట్టుకొని ఊదినాడు. కొంచేపటికి మల్లా అడ్డం పడె. మల్లా ఊదినాడు. పుల్లతో గుచ్చు అంటిని. ఊదితే బిన్నా వస్తాదిలే అనె. రెండు సాళ్లు పోయినాక, కండ్లు తిరుగుతాండాయి సుంకీ అని గట్టు మీద కూసునె. నోట్లో నురగ వచ్చె. బళ్లారికి తీసుకపోతాంటే దారిలోనే పాయ. సాయంత్రం కొబ్బరికాయ కొట్టి ఒక్కపొద్దు ఇడవల్ల, పాపకు బెల్లం పెట్టల్ల అని చెప్పినోడు సామీ. సావల్లనుకున్నోడు ఒక్కపొద్దు ఉంటాడా?"

 ఆమె ఇంకా చెప్పింది.

"ఆయమ్మకు చెప్పు సామీ. రాసుకోమను. ఈ పాపను ఊర్లో అందరూ, మీ నాయన మందు తాగినాడు అంటాండారు. ఇది నన్ను అడుగుతాది, నాయన మనల్ని ఇడిసిపెట్టి పోవల్లనుకున్నాడా అని."

ఇప్పుడు మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుండాది. మా నాయన కూడా నాజిలు అట్లనే ఊదుతాడు. మా ఊర్లో అందరూ ఊదుతారు. మడి మధ్యలో పంపు వీపున వేసుకొని, పుల్లకోసం గట్టుకు ఎవరొస్తారు? ఇప్పేది, నోట్లో పెట్టుకునేది, ఊదేది, ఉమ్మేది, మల్లా బిగించేది. నేను చిన్నప్పుడు ఊదినాను. ఆ చేదు నాకు తెలుసు. ఆ జీపులో వచ్చినోళ్లలో సుంకమ్మ మాట నిజమయ్యుంటాదని తెలుసుకోగలిగినోడు ఎవరన్నా ఉంటే, అది నేనే.

మరి ఏం చేసినాను?

మేడమ్ వైపు తిరిగి, ఆమె ఒప్పుకోవడం లేదు, సిగ్గు, అందరూ ఇట్లనే చెప్తారు అన్నాను. బట్ ఇట్ ఈజ్ సేఫ్ టు అస్యూమ్, అన్నాను. పంట పోయినందుకే తాగినాడని అనుకోవచ్చు, ఏం భయం లేదని. ఆ మాట నా నోట్లోంచి ఎంత చక్కగా వచ్చిందో! ఒక్క తడబాటు లేదు. మేడమ్ కండ్లు కొంచెం పెద్దవి చేసుకొని నన్ను చూసింది. నేర్చుకున్నావే అన్నట్ల. నాకు లోపల సంతోషమైంది. అవును, సంతోషమైంది. నాజిలు ఊదిన మొగున్ని తలుచుకొని ఒక మనిషి ముందర కూర్చోనుంటే, నాకు సంతోషమైంది.

మేడమ్ వెంటనే వదల్లేదు. అంతసేపు మాట్లాడింది కదా, నువ్వు చెప్పింది ఇంతేనా అనింది. అప్పుడన్నా చెప్పొచ్చు. తలుపు తెరిచే ఉండె. దుఃఖంలో ఉండాది మేడమ్, చెప్పిందే చెప్తాంది అన్నాను.

ఆమె రాసుకునింది. సుంకమ్మ ఆ రాసే చేతిని చూస్తాండె. "రాసుకున్నాదా సామీ ఆయమ్మ? నేను చెప్పిందంతా?" అని అడిగింది.

"రాసుకుంది అక్కా" అన్నాను.

ఎందుకు చేసినాను? ఇన్నేండ్లుగా అడుక్కుంటాండాను. ఎండగా ఉండె అని ఒకసారి చెప్పుకుంటాను. ఆమె సిగ్గుతోనే దాస్తాందని నిజంగానే నమ్మినాను అని ఒకసారి చెప్పుకుంటాను. నమ్మినానా? సగం కూడా నమ్మలేదు. ఒక్కపొద్దు అన్న మాట వినంగానే నా ఒళ్లు జల్లుమనింది, అది నాకు బాగా గుర్తుండాది. మరి? వన్నూరప్ప మందు తాగకపోయుంటే ఆ ఇల్లు మేడమ్‌కు పనికిరాదు. టీ అంగడి మాట పట్టుకొని, జీపు తోసుకొని, పనికిరాని ఇంటికి తెచ్చినోడు నేను. మొదటి రోజు తాళం చూసి బెంగుళూరన్నట్ల మల్లా దొరికిపోతాను. డ్రైవరు మల్లా నవ్వుతాడు. ఇంతే. ఒక మనిషి సావు మీద ఆమె చెప్పిన సాక్ష్యం ఒక పక్క, నేను నవ్వులపాలు కాకుండా ఉండేది ఒక పక్క. నేను రెండోది పట్టుకున్నాను. నిజానికి ఆ పొద్దు నేను అనాల్సింది టెంప్టింగ్ అని. అట్ల అనుకోబుద్ధి అయితాంది, అంతవరకే. అది కూడా నేర్పించిందే కదా మేడమ్! సగం చదివి పరీక్షకు పోయినోడు కూడా నాకంటే మేలు.

కొన్నాళ్లకు మేడమ్ తిరిగిన సంగతి తెలుగు పేపర్లో వచ్చింది. సుంకమ్మ, పాప ఉండే ఫోటో వేసినారు. కింద, పంట నష్టపోయి పురుగుల మందు తాగి ప్రాణం తీసుకున్న రైతు భార్య, కూతురు అని రాసినారు. నేను ఆ పేపరు రూములో అందరికీ చూపించినాను. దుబాసీ నేనే అని. రాత్రి పడుకునేటప్పుడు కింద రాసిన వాక్యం మళ్లీ చదివినాను. అప్పుడన్నా మేడమ్‌కు ఒక మాట రాసి పంపించొచ్చు. పంపలేదు. తర్వాత పంపుదాంలే అనుకున్నాను. తర్వాత అనేది ఎట్ల గడుస్తాదో మీకు తెలుసు.

ఇప్పుడు నేను ఇంగ్లీషు చెప్పుకొనే బతుకుతాండాను. ఆదివారాలు రాయదుర్గంలో ఒక క్లాసు. జీన్సు కుట్టే యూనిట్లలో పనిచేసే పిల్లలు వస్తారు. వేళ్లకు నీలం రంగు పట్టి ఉంటాది. సూపర్వైజరు కావాలని కొందరు, ఊరికే నేర్చుకోవాలని కొందరు. సేఫ్ టు అస్యూమ్ పాఠం ఏడాదికొకసారి వస్తాది. ఆ పాఠం చెప్పే రోజు నాకు అన్నం సయించదు. అయినా చెప్తాను. బాగా చెప్తానని పేరు కూడా ఉండాది, చూడండి.

ఈ ఏడు కూడా చెప్పినాను. ఒక్కొక్కరు ఒక వాక్యం చెప్పండి అన్నాను. ఒకడు లేచి, మబ్బు పట్టింది, వాన వస్తాదని సేఫ్‌గా అనుకోలేం అన్నాడు. మన జిల్లాలో అస్సలు అనుకోలేం రా అంటే అందరూ నవ్వినారు. ఇంకొకామె ఓనరు మీద ఏదో చెప్పింది, ఇంకా నవ్వినారు. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేచింది. పెద్దగా మాట్లాడదు. శిరీష అందాం.

మై ఫాదర్ డ్రాంక్ పెస్టిసైడ్, అనింది. ఇట్ ఈజ్ సేఫ్ టు అస్యూమ్ హి డిడ్ నాట్ వాంట్ అస్.

మా నాయన మందు తాగినాడు, మేము ఆయనకు వద్దని అనుకోవచ్చు, ఏం భయం లేదని. వాక్యంలో ఒక్క తప్పు లేదు. గుడ్, అన్నాను. అలవాటు కొద్దీ నోరు అనేసింది. గుడ్! తర్వాత ఏ ఊరమ్మా మీది అన్నాను. చెప్పింది. సుంకమ్మ ఊరే, నాయన పేరు అడిగితే వన్నూరప్ప అనింది. మీ అమ్మ ఏం చేస్తాదమ్మా అంటే, అమ్మ లేదు సార్, పోయినేడు జబ్బు చేసి పోయింది అనింది.

ఆ ఆదివారం చెప్పలేదు. ఆ తర్వాతిది కూడా గడిపేసినాను. ఈసారి భయమొక్కటే కాదు. చెప్తే ఎవరికి మేలు? తండ్రి మిమ్మల్ని వద్దనుకోలేదమ్మా అని చెప్పొచ్చు, అది మంచిదే. కానీ దాంతోపాటే, మీ అమ్మ చెప్పింది నిజం అని కూడా చెప్పినట్లయితాది. ఆ పిల్ల వాళ్లమ్మను నమ్మలేదని ఆ ఒక్క వాక్యంలోనే తెలిసిపోయింది కదా. సచ్చిపోయిన తల్లిని నమ్మకపోతినే అనే కొత్త బరువు. నా ఎద తేలిక కావడానికి ఆ పిల్ల నెత్తిన పెట్టేదేనా ఇది? అడుక్కున్నాను.  కానీ ఆ పిల్లకు ఏం తెలియాల్నో, ఏం తెలియకూడదో మల్లా నేనే తీర్మానం చేస్తాండానని తట్టింది. ఒకసారి చేసినాను కదా ఆ పని, చాలదా?

మూడో ఆదివారం క్లాసు అయినాక శిరీషను ఆపినాను. మెట్ల దగ్గర నిలబడే చెప్పినాను. జీపు, మేడమ్, మీ ఇల్లు, నులక మంచం. దుబాసీని నేనే అని. ఆ పిల్ల నన్ను గుర్తుపట్టలేదు. ఆ పొద్దు మేడమ్ దిక్కే చూస్తాండిన పిల్లకు నా మొహం యాడ గుర్తుంటాది. విన్నంతసేపు చున్నీ కొస చుట్టుకుంటా, ఇప్పుకుంటా ఉండె. అయిపోయినాక ఒకటే అడిగింది.

"మా యమ్మ ఆ పొద్దు ఏం చెప్పింది సార్? ఒక్క మాట ఇడవకుండా చెప్పు."

చెప్పినాను. సుంకమ్మ మాటలే, సుంకమ్మ చెప్పినట్లే. నీళ్లు మోసింది, ఒక్కపొద్దు, నాజిలు, పుల్లతో గుచ్చమనింది, బెల్లం. ఒక్కటి మరిచిపోలేదు. ఎట్ల మరిచిపోతాను? ఇన్నేండ్లుగా లోపల అవే తిరుగుతాండాయి. దుబాసీగా నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

శిరీష గోడకు ఆనుకొని నిలబడింది. మెట్ల మీద పిల్లలు దిగిపోతాండారు. రేపు పనికి వస్తావా అక్కా అని ఎవరో అడిగితే తల ఊపింది.

"పేపరు వచ్చినప్పుడు చదివి ఇనిపించు అనె మా యమ్మ," అనింది. "ఆయమ్మ నేను చెప్పిందంతా రాసుకున్నాది, ఇప్పుడు నువ్వే చదువుకో, మీ నాయన మందు తాగలేదని ఉంటాది చూడు అనె. ఆమెకు సదువు రాదు కదా సార్. నేను చదివితిని. చదివి, నువ్వు అబద్ధాలు చెప్తాండావు అని ఆ పేపరు ఆమె మొహాన కొడితిని. ఆ తర్వాత కూడా చెప్తానే ఉండె. ఆస్పత్రిలో మంచం మీద కూడా. నేను లేచి బయటికి పోతాంటి."

 క్షమించమ్మా అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేసినాను. ఆ పిల్ల దగ్గర నుంచి ఇంకొకటి అడిగి తీసుకునే హక్కు నాకు యాడిది?

"ఇప్పుడు నమ్ముతాండాను సార్," అనింది. "పోయి ఆమెకు ఎవురు చెప్తారు?"

మెట్లు దిగి పోయింది. ఆ తర్వాత క్లాసుకు రాలేదు. యూనిట్లో అడిగితే పనికి వస్తానే ఉండాదన్నారు.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపొచ్చింది. పక్కనున్న పెద్దాయన ఏమప్పా, ఏమైంది అన్నాడు. ఏం లేదన్నా అన్నాను.  ఆ పిల్ల నన్ను అడిగింది నేను మిమ్మల్ని అడగడం లేదు. సుంకమ్మ చెప్పింది నిజం. నేను చెప్పింది అబద్ధం. ఇది ఇంకెవరికీ చెప్పకుండా ఉండలేక మీకు చెప్పినాను.